కలిసిన వేళ్ళు

ముప్పై ఏండ్లుగా లకుముకి పిట్టను గీస్తా ఉండాను.
మా నాయన నేర్పిన గీత:
ముక్కు ఒక్క విసురు, వీపు ఒక వంపు,
కాలికి ముందు మూడు వేళ్ళు, మూడూ ఎడమెడంగా,
ఆస్తి పంచుకున్నాక కూర్చున్న అన్నదమ్ముల్లాగా.

శ్రీకాళహస్తిలో ఏటి పక్కన మా షెడ్డు.
కరక్కాయా గేదెపాలూ కలిసి పులిసిన వాసనకి
కొత్తవాళ్ళు గడప దాటరు.
తహసీన్ దాటింది.
తిరుపతి నుంచి బస్సులో వచ్చింది,
మెడలో బైనాక్యులర్, ఒళ్ళో అట్టపెట్టె.
"ఫోటోలో కాలు మసగ్గా పడతా ఉంది సార్,
మీ గీత కావాల."

పెట్టెలో, దూది మీద, లకుముకి.
ల్యాబు కిటికీ అద్దాన్ని ఆకాశమనుకొని
పొద్దున్నే గుద్దుకొనిందంట.
అరచేతిలో పెట్టుకుంటే
రెండు నిమ్మకాయల బరువు.
నేను గీసినవన్నీ ఇంతకంటే బరువు.

చింతబొగ్గు అందుకున్నాను.
చెయ్యి దాని పాటికది
మూడు వేళ్ళూ వేసేసింది.
"చూసి గీయండి సార్" అనింది, మెల్లగా.

చూసినాను.
బయటి వేలూ నడిమి వేలూ
సగం దాకా ఒకే తొడుగులో ఉన్నాయి.

గుడ్డలు జాడించే బండ మీద, కరెంటు తీగ మీద
రోజూ నా ఎదురుగా కూర్చున్న పిట్టే.
ఇన్నేండ్లూ నేను చూసింది
మా నాయన గీతను.

"ఎందుకట్లా?" అన్నాను.
"గట్టులో బొరియ తవ్వుతుంది కదా,
మన్ను నెట్టడానికి పార మాదిరి అంటారు.
నాకింకా నమ్మకం కుదర్లేదు. చూడాల."
నమ్మకం కుదర్లేదని
అంత సంతోషంగా చెప్పిన మనిషిని
నేను యాడా చూడలేదు.

నాకొక పాత కోరిక. ఈ వీపు మీది నీలం.
ఎన్ని తొట్ల నీలిమందు కలిపినా
ఆ మెరుపు గుడ్డకెక్కలేదు.
"ఒక ఈక ఇయ్యమ్మా, నూరి చూస్తా."
ఏమవుతుందో తెలిసిన నవ్వు నవ్వి ఇచ్చింది.
రాతి మీద నూరితే
మిగిలింది మట్టిరంగు పొడి, చిటికెడు.

"ఈకలో నీలం లేదు సార్.
లోపల కంటికానని గాలిగదులు ఉంటాయి.
వెలుగు వాటిలో దూరి
నీలమై తిరిగొస్తుంది, అంతే."

కాసేపు మాట రాలేదు నాకు.
తర్వాత కసిమి కుండ మూత తీసినాను.
తుప్పు ఇనుమూ బెల్లమూ
మూడు వారాలు ఊరిన నీళ్ళు.
"ఇందులోనూ నలుపు లేదు, చూడు. చల్లారిన టీ."
వెదురు కలం ముంచి గుడ్డ మీద ఒక గీత లాగితే
కరక్కాయ తగిలిన చోటల్లా
మా ఇద్దరి కళ్ళ ముందే నల్లబడతా పోయింది.
ఆ పిల్ల కుండలోకి వంగి
వాసన కూడా పీల్చింది.

పోతా పోతా, గడప దగ్గర:
"దూకే ముందు తల ఎన్నిసార్లు ఊపుతుందో
నూట పన్నెండు పిట్టల్ని లెక్కపెట్టినా సార్.
ఆ ఊపు ఎట్లుంటుందో మాత్రం రాయలేకపోయినా."
ఒక్క గీత వేసిచ్చినాను.
మెడ దగ్గర కొంచెం లావు,
తోక దగ్గర గాలికి వదిలేసి.

పోయిన నెల కల్యాణం గుడ్డలో, కింది అంచున,
అరటి పిలక పక్కన
కలిసిన వేళ్ళ లకుముకిని కూర్చోబెట్టినాను.
చెన్నై నుంచి వచ్చిన షావుకారు
కళ్ళద్దాలు నుదుటికెత్తి చూసి
"ఒక వేలు తగ్గిందే గుణశేఖరం,
రెండొందలు తగ్గించుకో" అన్నాడు.

తగ్గించుకున్నాను.

మడత పెట్టేటప్పుడు
పై అంచు కిందికి జారి కనబడింది.
అక్కడ మా నాయన పిట్ట,
మూడు వేళ్ళూ ఎడంగా చాపి.
దాన్ని దిద్దలేదు నేను.